శాస్త్రవేత్తల కోడ్: నేర్పుతున్నదేమిటి, నేర్పవలసిందేమిటి

2006 చివర్లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధనా సంస్థకు చెందిన జెఫ్రీ చాంగ్ తన బృందం ప్రచురించిన పత్రాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఒకటి కాదు, ఐదు. వాటిలో మూడు 'సైన్స్' పత్రికలో వచ్చినవి. కణపు పొరలో ఉండి మందులను బయటికి నెట్టేసే ప్రొటీన్ల నిర్మాణం మీద ఆయన చేసిన పనిని అప్పటికే ఆ రంగంలో ఎందరో ఉదహరిస్తున్నారు. ప్రయోగంలో తప్పు లేదు. స్ఫటికాల్లో లేదు, ఎక్స్‌రే కొలతల్లోనూ లేదు. ఆ కొలతలను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే చిన్న ప్రోగ్రాం రెండు కాలమ్‌లను తారుమారు చేసింది. దాంతో ప్రొటీన్ నిర్మాణం కుడి ఎడమలు మారిపోయి తేలింది. ఆ ప్రోగ్రాం ఇంకో ల్యాబ్ నుంచి చేతులు మారి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో మరో బృందం అదే కుటుంబానికి చెందిన ఒక ప్రొటీన్ నిర్మాణాన్ని ప్రచురించి, అది చాంగ్ చూపినదానితో పొసగకపోయేదాకా, అంటే 2001 నుంచి ఐదేళ్లపాటు, ఈ సంగతి ఎవరికీ తెలియలేదు.

శాస్త్రవేత్తలకు సాఫ్ట్‌వేర్ రాసే మంచి పద్ధతులు నేర్పాలన్న వాదన పాతికేళ్లకు పైగా వినిపిస్తోంది. కోర్సులు వచ్చాయి, వర్క్‌షాపులు వచ్చాయి, కొన్ని దేశాల్లో కొత్త ఉద్యోగాలే పుట్టాయి. ఇన్నేళ్ల కృషిలో ఏది పనికొచ్చింది, ఏది మిగిలిపోయింది అన్నది ఇప్పుడు నిలబడి చూసుకోవాలి. నా మటుకు నాకు ఒక లోపం స్పష్టంగా కనిపిస్తోంది. ఈ కోర్సులు ఎందుకు కావాలో చెప్పడానికి చాంగ్ ఉదంతం లాంటివే చెబుతారు. తీరా తరగతిలో నేర్పేది మాత్రం అలాంటి తప్పును పట్టుకునే విద్య కాదు. రోగం ఒకటి, మందు ఒకటి అన్నట్టుగా ఉంది వ్యవహారం.

కోడ్ రాసేది ఎవరు?

బ్రిటన్‌లోని సాఫ్ట్‌వేర్ సస్టెయినబిలిటీ ఇన్‌స్టిట్యూట్ 2014లో అక్కడి 15 పెద్ద విశ్వవిద్యాలయాల పరిశోధకులను అడిగింది. 417 మంది జవాబిచ్చారు. పరిశోధనలో సాఫ్ట్‌వేర్ వాడుతున్నామన్నవారు 92 శాతం. అది లేకపోతే తమ పరిశోధన సాగదన్నవారు 69 శాతం. సొంతంగా కోడ్ రాసుకుంటున్నామన్నవారు 56 శాతం. అలా రాసుకునేవారిలో ఐదో వంతుకు పైగా ఆ పనిలో ఎలాంటి శిక్షణా పొందలేదు. అంతకు ఐదారేళ్ల ముందు జరిగిన మరో పెద్ద సర్వేలో దాదాపు 2,000 మంది శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. కోడ్ ఎలా నేర్చుకున్నారంటే, సొంతంగా నేర్చుకోవడం ముఖ్యమని దాదాపు 97 శాతం మంది చెప్పారు. కాలేజీ చదువు ముఖ్యమన్నవారు మూడో వంతే.

ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. అవకలన సమీకరణాలను అవలీలగా సాధించే మనిషికి పైథాన్ ఏపాటి? జరిగేదేమిటంటే, ఒక పీహెచ్‌డీ స్కాలర్ ల్యాబ్‌లో చేరిన వారానికే సీనియర్ ఒక ఫోల్డర్ కాపీ చేసి ఇస్తాడు. అందులో ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం ఒకటి, నాలుగు స్క్రిప్టులు, 'ఫైనల్', 'ఫైనల్ 2', 'నిజంగా ఫైనల్' అన్న పేర్లతో మూడు ఫైళ్లు ఉంటాయి. అవి రాసినవాడు ఎప్పుడో పోస్ట్‌డాక్‌కు విదేశాలకు వెళ్లిపోయాడు. ఆ ప్రోగ్రాంను ముట్టుకోవాలంటే భయం, ముట్టుకోకపోతే పని సాగదు. ఎలాగోలా ఒక బొమ్మ వస్తుంది, గైడ్ తల ఊపుతారు, పేపర్ వెళ్లిపోతుంది. ఈ తంతు హైదరాబాద్‌లో ఎంత మామూలో హైడెల్‌బర్గ్‌లోనూ అంతే మామూలు.

లాస్ అలమోస్ నుంచి రెండు రోజుల వర్క్‌షాప్ దాకా

ఈ రంగంలో మొదట చెప్పుకోవలసిన పేరు గ్రెగ్ విల్సన్. ఆయన, బ్రెంట్ గోర్డా కలిసి 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో శాస్త్రవేత్తల కోసం వారం రోజుల కోర్సు మొదలుపెట్టారు. పేరు సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ. వంతెన కట్టే ఇంజనీరింగ్ కాకుండా, ఇంటి పని చేసుకునే వడ్రంగం చాలునన్నది పేరులో ఉన్న ఉద్దేశం. వారం రోజుల కోర్సు ఎక్కువైపోయింది, మనసుకెక్కింది తక్కువ. తర్వాత పాఠాలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2010 ప్రాంతంలో వీడియో పాఠాలు పెట్టి చూశారు, చివరిదాకా చూసినవారు కొద్దిమందే. 2012లో స్లోన్ ఫౌండేషన్ సాయంతో పద్ధతి మార్చారు: రెండు రోజులు, ముఖాముఖి, పని చేసే పరిశోధకులే స్వచ్ఛందంగా నేర్పేవారు. అదే నిలబడింది. 2014లో డేటా కార్పెంట్రీ వచ్చింది. 2018లో రెండూ కలిసి 'ద కార్పెంట్రీస్' అయ్యాయి. నార్డిక్ దేశాల్లో 2016 నుంచి కోడ్‌రిఫైనరీ ఇదే బాటలో, కాస్త అనుభవమున్న విద్యార్థుల కోసం నడుస్తోంది.

కార్పెంట్రీ వర్క్‌షాప్ ఎలా ఉంటుందో చెప్పుకోవాలి, ఎందుకంటే బోధన విషయంలో వీళ్లు సాధించింది తక్కువేమీ కాదు. గదిలో ప్రతి ఒక్కరి ముందూ సొంత ల్యాప్‌టాప్ ఉంటుంది. స్లైడ్లు ఉండవు. నేర్పే మనిషి తెరమీద ఒక్కో లైనూ టైపు చేస్తూ, చేస్తున్నది నోటితో చెబుతూ పోతాడు, కూర్చున్నవాళ్లూ వెంటే టైపు చేస్తారు. అతను మధ్యలో తప్పు చేస్తాడు. ఎర్రర్ వస్తుంది. దాన్ని అందరి ముందూ చదివి, సరిచేస్తాడు. నేర్చుకునేవాడికి అసలు పాఠం అక్కడే దొరుకుతుంది: అనుభవం ఉన్నవాడికీ ఎర్రర్లు వస్తాయి, కాకపోతే వాటిని చదవడం అతనికి తెలుసు. ఒక్కొక్కరి దగ్గరా రెండు రంగుల స్టికీ నోట్లు ఉంటాయి. పని అయినవాడు ల్యాప్‌టాప్‌కు ఒక రంగుది అంటిస్తాడు, ఇరుక్కున్నవాడు రెండోది. చెయ్యెత్తి పదిమందిలో అడగడానికి మొహమాటపడే విద్యార్థి దగ్గరికి సహాయకుడే నడిచి వస్తాడు. మన తరగతి గదుల్లో ప్రశ్న అడగడమంటే ఎంత బెరుకో తెలిసినవారికి ఈ చిన్న ఏర్పాటు విలువ చెప్పనక్కర్లేదు.

నేర్పేది మూడు సంగతులు. ఒకటి యూనిక్స్ షెల్: వందల ఫైళ్ల మీద చేత్తో చేసే పనిని ఒక్క ఆదేశంతో చేయించడం. రెండోది పైథాన్ లేదా ఆర్ భాష. మూడోది గిట్: కోడ్‌లో ఏ రోజు ఏ మార్పు ఎందుకు చేశామో చరిత్ర దాచుకోవడం. 'నిజంగా ఫైనల్' ఫైళ్ల బెడద దీనితో పోతుంది. మూడూ అవసరమైనవే, ఎవరూ కాదనరు.

2014లో విల్సన్, ఆయన సహచరులు శాస్త్రీయ కంప్యూటింగ్‌లో అత్యుత్తమ పద్ధతులంటూ 'పీఎల్ఓఎస్ బయాలజీ'లో ఒక పత్రం రాశారు. మూడేళ్లకు, 2017లో, విల్సన్ వేరే సహచరులతో మరో పత్రం రాసి 'సరిపోయేంత మంచి' పద్ధతులతో సరిపెట్టారు. మొదటిది అప్పటికే కంప్యూటింగ్ ఎక్కువగా చేస్తున్నవారి కోసమని, కొత్తవాళ్లకు మొదలుపెట్టే చోటు వేరే కావాలని ఒప్పుకుని మెట్టు దిగారు. బోధకుల్లో ఈ నిజాయితీ అరుదు. సరిపోయేదేమిటో చెప్పిన ఆ రెండో పత్రమే ఇవాళ కొత్త స్కాలర్ చేతిలో పెట్టదగింది.

మరి ఈ పొట్టి కోర్సుల వల్ల ఏమైనా ఒరిగిందా? 2017లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 53 విద్యాసంస్థల్లోని 294 మంది జీవశాస్త్ర పీహెచ్‌డీ విద్యార్థులను గమనించి, బూట్‌క్యాంపులకు వెళ్లినవారికీ వెళ్లనివారికీ పరిశోధనా నైపుణ్యంలో కొలవదగ్గ తేడా లేదని తేల్చింది. కార్పెంట్రీస్ వాళ్లు ఒప్పుకోలేదు. ఆ అధ్యయనం చూసింది రకరకాల బూట్‌క్యాంపులను కలగలిపి కదా అన్నారు. తమ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆత్మవిశ్వాసం పెరిగిందని, నేర్చినవి వాడుతున్నామని చెప్పిన సర్వేలు చూపించారు. రెండువైపులా నిజం ఉంది. రెండు రోజుల్లో భయం పోతుంది, అది చిన్న లాభం కాదు. కానీ అలవాటు మారడానికి రెండు రోజులు చాలవు. సోమవారం ల్యాబ్‌కు తిరిగి వెళ్లాక పక్క సీట్లో గిట్ వాడేవాడు ఒక్కడైనా లేకపోతే, నేర్చింది నెలలోపే జారిపోతుంది.

ఏ తప్పును ఏది పట్టుకునేది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శాస్త్రీయ కోడ్ గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించే ప్రమాదాలను ఒక్కొక్కటిగా తీసుకుని, మనం నేర్పుతున్న పద్ధతుల్లో ఏది దాన్ని ఆపగలిగేదో అడిగి చూద్దాం.

చాంగ్ ప్రోగ్రాంకు గిట్ ఉండి ఉంటే? తప్పుడు కోడ్ చరిత్ర భద్రంగా ఉండేది, అంతే. అప్పటికే నిర్మాణం కచ్చితంగా తెలిసిన ఒక ప్రొటీన్ డేటాను ఆ ప్రోగ్రాంలో వేసి, తెలిసిన జవాబు వస్తుందో లేదో చూసి ఉంటే ఒక పూటలో దొరికిపోయేది.

2010లో రీన్‌హార్ట్, రోగోఫ్ అనే ఇద్దరు ప్రసిద్ధ ఆర్థికవేత్తలు, జీడీపీలో 90 శాతం దాటి అప్పులున్న దేశాల్లో వృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని రాశారు. ఐరోపాలో పొదుపు విధానాలను సమర్థించినవాళ్లు ఈ పత్రాన్ని పదేపదే చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్ండన్ హోంవర్క్ కోసం ఆ లెక్క మళ్లీ చేయబోతే కుదరలేదు. ఎక్సెల్ షీట్ అడిగి తెప్పించుకుని చూస్తే, సగటు తీసిన వరుసల్లో ఐదు దేశాలు చేరనేలేదు. ఆ తప్పుతో పాటు డేటా ఎంపికలో, సగటు కట్టిన తీరులో ఉన్న తేడాలను కూడా సరిచేస్తే జవాబు 2.2 శాతం. ఎన్ని దేశాలు లోపలికి వెళ్లాయి, ఎన్నింటితో సగటు తీశాం అని ఒక్కసారి సరిచూసుకుంటే ఎక్సెల్ తప్పు అక్కడే బయటపడేది.

2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ రోగులను కలిసినవాళ్లను హెచ్చరించడం రోజుల తరబడి ఆలస్యమైంది. ఇక్కడా అంతే: వచ్చినవెన్ని, ఎక్కినవెన్ని అన్న లెక్క ఒక్కటి చాలు.

రసాయన శాస్త్రంలో 2019లో బయటపడింది ఇంకా సూక్ష్మమైనది. అణువుల ఎన్ఎంఆర్ విలువలు లెక్కించడానికి 2014లో ప్రచురించిన పైథాన్ స్క్రిప్టులను ప్రపంచమంతా వాడుతోంది. హవాయి విశ్వవిద్యాలయంలో ఒక బృందం వాటిని వేర్వేరు కంప్యూటర్లలో నడిపితే వేర్వేరు జవాబులొచ్చాయి. కారణం వెతికితే, ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒక ఆపరేటింగ్ సిస్టంలో అక్షర క్రమంలో వస్తాయి, మరోదాంట్లో ఇంకో క్రమంలో వస్తాయి. స్క్రిప్టు మాత్రం అవి క్రమంలోనే ఉంటాయని నమ్ముకుంది. 150కి పైగా పత్రాల మీద అనుమానపు నీడ పడింది. ఫైళ్ల క్రమం మార్చినా జవాబు మారకూడదు అన్న ఒక్క పరీక్ష రాసుకుని ఉంటే సరిపోయేది.

జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేయడం సంగతి చాలామందికి తెలుసు. సెప్టెంబరును పోలిన పేరున్న జన్యువు పేరు టైపు చేయగానే తేదీ అయిపోతుంది. 2016లో చూస్తే, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పత్రాల్లో ఐదో వంతులో ఈ తప్పు ఉంది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు.

ఈ ఐదింటిలో ఒక్కదాన్నైనా గిట్ ఆపేది కాదు, షెల్ ఆపేది కాదు. వీటన్నిటికీ కావలసింది ఒకటే: జవాబు సరైనదో కాదో పరీక్షించే అలవాటు, అంటే టెస్టింగ్. కార్పెంట్రీ ప్రధాన పాఠ్యక్రమంలో మాత్రం టెస్టింగ్‌కు విడిగా చోటు లేదు. పైథాన్ పాఠంలో ఒక భాగంగా కొంత ఉంది. అందులో కీళ్లవాతానికి అద్భుతమైన మందు కనిపెట్టానంటున్న ఒక కల్పిత వైద్యుడి డేటా ఇస్తారు. 60 మంది రోగులు, 40 రోజులు. గ్రాఫ్ గీస్తే, రోజువారీ గరిష్ఠ విలువలు గీత గీసినట్టు తిన్నగా ఎక్కి, అంతే తిన్నగా దిగుతాయి. నిజమైన రోగుల్లో అలా జరగదు. అనుమానాస్పదమైన డేటాను ప్రోగ్రామే పట్టి చెప్పేలా రెండు లైన్లు రాయిస్తారు. మొత్తం వర్క్‌షాప్‌లో నాకు అన్నిటికన్నా విలువైన అరగంట అది. రెండో రోజు మధ్యాహ్నానికి టైమ్ చాలక ముందుగా కోత పడేదీ ఇలాంటి భాగాలకే.

టెస్టింగ్ ఎందుకు కష్టం?

దీన్ని వదిలేయడానికి కారణం బద్ధకం కాదు. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో జవాబు ఎంత రావాలో ముందే తెలుసు. శాస్త్రవేత్త ప్రోగ్రాం రాసేదే తెలియని జవాబు కోసం. తెలియని జవాబు సరైనదని ఎలా పరీక్షిస్తావు? ఎలైన్ వేయుకర్ 1982లోనే ఈ చిక్కును ప్రస్తావించారు. దానికి తోడు కంప్యూటర్ దశాంశాలను పూర్తి కచ్చితత్వంతో దాచుకోదు. 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. సమానమా అని కాకుండా, ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చని అడగాలి. సాధారణ ప్రోగ్రామింగ్ పుస్తకాల్లోని టెస్టింగ్ అధ్యాయాలు ఈ రెండింటికీ జవాబివ్వవు.

జవాబు లేకనా అంటే, ఉంది. ఒక చిన్న ఉదాహరణతో చూపిస్తాను. ఒక విద్యార్థి ఏదో జిల్లాకు 30 ఏళ్ల నైరుతి రుతుపవన వర్షపాతం సగటు తీయాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 122 రోజులు, రోజుకో అంకె. కొలత అందని రోజు దగ్గర వాతావరణ డేటాలో మామూలుగా -999 లాంటి అంకె పెడతారు. ప్రోగ్రాం ఆ సంగతి చూసుకోకుండా దాన్నీ కూడేసిందనుకోండి. 30 ఏళ్లలో అలాంటి రోజు ఒక్కటే ఉన్నా, సగటు సుమారు 33 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ తగ్గుదల కంటికి ఆనదు. పైగా కరవు జిల్లా అయితే నిజమేననిపిస్తుంది. వ్యాసంలో దానికి ఎల్ నినోతో కారణం కూడా చెప్పేయగలం.

అసలు జవాబు తెలియకపోయినా మనకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. రోజూ 2 మిల్లీమీటర్లు పడ్డట్టు ఒక దొంగ ఫైలు తయారుచేస్తే మొత్తం 244 రావాలి. రోజుల వరుస కలిపేసినా మొత్తం మారకూడదు. మిల్లీమీటర్లను సెంటీమీటర్లు చేస్తే జవాబు సరిగ్గా పదో వంతు కావాలి. వర్షపాతం ఎప్పుడూ సున్నాకు తగ్గకూడదు. ఇక ఆ దొంగ ఫైలులో ఒక రోజు -999 పెట్టి చూడాలి. 242 రావచ్చు, లేదా 'డేటా చాలదు' అని ప్రోగ్రాం ఆగిపోవచ్చు. మైనస్ 757 మాత్రం రాకూడదు. ఈ పరీక్షల్లో కొన్నిటికి మెటమార్ఫిక్ టెస్టింగ్ అని పేరు. హాంకాంగ్‌లో టీ.వై. చెన్ 1998లో ప్రతిపాదించారు. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు.

ఆ చివరి పరీక్ష రాసేటప్పుడు జరిగేదాన్ని గమనించండి. 242 రావాలా, ఆగిపోవాలా? కొలత లేని రోజును వదిలేయాలా, పక్క కేంద్రం విలువతో పూరించాలా, ఎన్ని రోజులు లేకపోతే ఆ ఏడాదినే పక్కనపెట్టాలి? ఇది సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదు, వాతావరణ శాస్త్రపు ప్రశ్న. పరీక్ష రాయకపోతే ఈ నిర్ణయం ఎవరూ తీసుకోకుండానే ఏదో ఒకటి జరిగిపోతుంది. టెస్టింగ్ శాస్త్రవేత్తకు పరాయి విద్య అనుకోవడం పొరపాటని నేననేది ఇందుకే. థర్మామీటర్‌ను మంచు నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూడకుండా ఏ మంచి ప్రయోగశాలలోనూ వాడరు. ప్రోగ్రాం విషయంలో అదే మనిషి తెర మీద వచ్చిన అంకెను అలాగే రాసేసుకుంటాడు. ఉన్న అలవాటునే ఇంకో పరికరానికి విస్తరించమని అడుగుతున్నాం, అంతే.

ఈ అలవాటు లేకపోతే ఏమవుతుందో లెస్ హాటన్ ఎప్పుడో చూపించారు. 1994లో ప్రచురించిన పనిలో, భూకంప తరంగాల డేటాను విశ్లేషించే తొమ్మిది స్వతంత్ర ప్యాకేజీలకు ఒకే డేటా ఇచ్చి చూశారు. అన్నీ చమురు అన్వేషణలో వాడేవి, అన్నీ ఒకే గణితాన్ని అనుసరిస్తున్నామనేవి. చివరికి ఫలితాలు మొదటి ఒకటి రెండు అంకెల వరకే ఏకీభవించాయి.

గజిబిజి కోడ్, తప్పు కోడ్ ఒకటి కావు

2020 వసంతంలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో నీల్ ఫెర్గూసన్ బృందపు కోవిడ్ నమూనా బ్రిటన్ లాక్‌డౌన్ నిర్ణయంలో కీలకమైంది. దాని మూల కోడ్ ఫ్లూ మహమ్మారి కోసం పదేళ్లకు పైగా క్రితం సీ భాషలో మొదలైంది, ఒకే ఫైలులో సుమారు 15,000 లైన్లు. సర్దిన రూపం బయటికి రాగానే వృత్తి ప్రోగ్రామర్లు విరుచుకుపడ్డారు. అంత గజిబిజి కోడ్ మీద ఆధారపడి దేశాన్ని మూసేస్తారా అన్నారు. జూన్ నాటికి కేంబ్రిడ్జ్‌కు చెందిన స్టీఫెన్ ఎగ్లెన్ దాన్ని నడిపి, ఫెర్గూసన్ బృందపు నివేదికలోని ఫలితాలు మళ్లీ వస్తున్నాయని ధ్రువీకరించారు. తర్వాత జరిగిన అధ్యయనంలో తేలింది వేరు: అసలు అనిశ్చితి కోడ్ అందంలో లేదు, నమూనాలోకి ఎక్కించిన కొద్దిపాటి పరామితుల విలువల్లో ఉంది.

కోడ్ చూడముచ్చటగా ఉండటం, జవాబు సరిగ్గా ఉండటం వేర్వేరు సంగతులని ఈ ఉదంతం చెబుతోంది. అయితే ఆ బృందం పడిన మాటలకు బాధ్యత కొంత గజిబిజిదే. చదవడానికి వీల్లేని కోడ్‌ను బయటివాళ్లు పరీక్షించలేరు, అప్పుడు నమ్మమనడం తప్ప మరో దారి ఉండదు. మళ్లీ నడవని కోడ్ సంగతీ అంతే. హార్వర్డ్ డేటావర్స్‌లో శాస్త్రవేత్తలు స్వయంగా దాచిన 9,000కు పైగా ఆర్ ఫైళ్లను 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నడిపి చూస్తే, 74 శాతం మొదటిసారి ఎర్రర్‌తో ఆగిపోయాయి. గిట్‌హబ్‌లోని జూపిటర్ నోట్‌బుక్‌ల మీద 2019లో జరిగిన పరిశీలనలో, నడపడానికి ప్రయత్నించినవాటిలో పాత ఫలితం యథాతథంగా ఇచ్చినవి 4 శాతమే. అంటే నేర్పే క్రమంలో గిట్‌కూ, చక్కటి ఫోల్డర్లకూ చోటుండాలి. మొదటి చోటు మాత్రం కాదు.

ఏఐ వచ్చాక ఈ క్రమం ఇంకా ముఖ్యమైంది. 2021లో కోపైలట్, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాయి. ఇప్పుడు స్కాలర్ అడిగితే పది సెకన్లలో చక్కటి పేర్లతో, వ్యాఖ్యలతో సహా కోడ్ వచ్చేస్తుంది. కోడ్ రాయడం నేర్పే భారం తగ్గింది, నిజమే. కానీ ఆ వర్షపాతం ప్రోగ్రాంలో -999 సంగతి అది పట్టించుకుందో లేదో ఎవరు చూస్తారు? రాయడం యంత్రానిదయ్యేకొద్దీ సరిచూడటం మనిషికే మిగులుతుంది. ఇవాళ కొత్తగా కోర్సు రూపొందించేవాళ్లు సింటాక్స్ పాఠాలను సగానికి కుదించి, మిగిలిన సమయమంతా పరీక్షలకు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

నేర్చినవాడికి చోటెక్కడ?

ఎంత బాగా నేర్పినా, పరీక్షలు రాస్తూ కూర్చున్న స్కాలర్‌ను 'పేపర్ ఎప్పుడు?' అని అడిగే గైడ్ ఉన్నంతకాలం ఫలితం అంతంతమాత్రమే. బ్రిటన్ ఈ ముడిని ఒక పక్కనుంచి విప్పింది. 2012లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ఒక సమావేశంలో, విజ్ఞానమూ సాఫ్ట్‌వేరూ రెండూ తెలిసినవాళ్లకు రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అన్న పేరు పెట్టారు. పేరు వచ్చాక పోస్టులొచ్చాయి, విశ్వవిద్యాలయాల్లో బృందాలొచ్చాయి. 2019లో వాళ్లకంటూ ఒక సొసైటీ ఏర్పడింది. అమెరికా, జర్మనీల్లోనూ ఇలాంటి సంఘాలు నడుస్తున్నాయి. 2016లో మొదలైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, కోడ్‌నూ దాని పరీక్షలనూ సమీక్షించి ప్రచురిస్తుంది. కోడ్‌కు పడిన శ్రమ బయోడేటాలో ఒక పేపర్‌గా కనిపించే దారి అలా ఏర్పడింది.

మన దగ్గర పునాది లేకపోలేదు. ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, పైథాన్‌తో ఎన్నో కాలేజీలకు చేరింది. సైపై ఇండియా సదస్సులు 2009 నుంచి జరిగాయి. ఐఐటీ బాంబేలోనే రూపొందిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో చాలావాటికి తెలుగు ఆడియో కూడా ఉంది. ఇంగ్లిష్ వినికిడితో ఇబ్బందిపడే జిల్లా కాలేజీ విద్యార్థికి అది పెద్ద ఆసరా. అవసరం సంగతి చెప్పనే అక్కర్లేదు. హైదరాబాద్ ఇన్‌కాయిస్ నుంచి సునామీ హెచ్చరికలు వెళ్తాయి, చేపలు ఎక్కడ దొరకవచ్చో తీర మత్స్యకారులకు సూచనలూ వెళ్తాయి. సీసీఎంబీలో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జన్యుక్రమాల విశ్లేషణ అంతా ప్రోగ్రాంల మీదే నడుస్తుంది. రేపు ఆ సంస్థల్లో చేరేది ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలే.

వాళ్లకు ఇది నేర్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. రీసెర్చ్ మెథడాలజీ, పరిశోధనా నైతికత పేపర్లు అందులో తప్పనిసరి. 2009 నిబంధనల్లోనే మెథడాలజీ కింద కంప్యూటర్ వినియోగం అన్న మాట ఉంది. చాలాచోట్ల అది వర్డ్‌లో సూచికలు పెట్టడం, ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయడం, ఎస్‌పీఎస్ఎస్‌లో మెనూలు నొక్కడంతో ముగిసిపోతోంది. కాపీ కొట్టడాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ గురించి ప్రీ పీహెచ్‌డీ పరీక్షలో ప్రశ్న అడుగుతున్నాం. సొంత ప్రోగ్రాం తప్పు చేస్తే ఎలా పట్టుకుంటావని అడగడం లేదు.

ఆ పేపర్‌లో ఒక్క క్రెడిట్, అంటే సుమారు 15 గంటలు, దీనికి కేటాయిస్తే చాలు. మొదటి తరగతిని ప్రోగ్రాం పరీక్షలతో మొదలుపెట్టండి. విద్యార్థి సొంత డేటానే వాడండి. గిట్, షెల్ ఆ తర్వాత రానివ్వండి. రెండు రోజుల్లో కుక్కకుండా వారానికో గంట చొప్పున సెమిస్టర్ అంతా సాగదీయండి. ఒకే విద్యార్థిని కాకుండా ఒకే ల్యాబ్ నుంచి ఇద్దరిని కూర్చోబెట్టండి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు ఒక ప్రశ్న అదనంగా అడగండి: 'ఈ అంకె ఇచ్చిన ప్రోగ్రాం సరైనదని నీకెలా తెలుసు?' ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే గైడ్లే విద్యార్థులను తరగతికి పంపుతారు. సిలబస్‌లో ఈ మార్పు బోర్డ్ ఆఫ్ స్టడీస్ తన సమావేశంలో చేసుకోగలిగిందే. వచ్చే సమావేశం ఎజెండాలో దీన్ని చేర్చమని ఆ బోర్డుల్లో ఉన్న ఆచార్యులందరికీ నా విన్నపం.